బ్లేసాని ఆపిన గొంతు

సిగ్నే నోట్లో ర లేదు. ఉన్నదల్లా గొంతులో ఉంది. మనం నాలుక కొసని పైకెత్తి గలగలలాడించే ర ని వాళ్ళ దక్షిణ తీరంవాళ్ళు ఏనాడో గొంతులోకి దింపేసుకున్నారు. అక్కడ పసిపిల్లని ర అనమన్నా నీళ్ళు పుక్కిలించినట్టే అంటుంది. అది చాలదన్నట్టు క, త, ప లు కూడా వాళ్ళకి గట్టిగా పలకవు. కేకుని మేం కాకె అంటే వాళ్ళు కాగె అంటారు. పడవ మాకు బోత్, వాళ్ళకి బోద్. అంతా మెత్తన! మా టెలిమార్క్ లోయలో అలా కుదరదండీ. ర అంటే గులకరాళ్ళ మీద ఏరు పారాలి, క అంటే దుంగ మీద గొడ్డలి పడాలి. ఆ మాటకొస్తే మేమూ తక్కువేం తినలేదు. దేశమంతా కొండని ఫ్యెల్ అంటే మేం ల ని డ చేసి ఫ్యెడ్ అంటాం. అడిగితే అదే అసలైన మాట అంటాం. తా పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు!

యుద్ధం అయిపోయిన కొన్నాళ్ళకి, మా లోయలో హౌగెన్ కమతంవాళ్ళ గున్లైక్ ఒక వేసవి తీరంలోని కలప మిల్లులో పనికి వెళ్ళాడు. రేవు పక్క కాఫీ కొట్లో సిగ్నే పనిచేసేది. "ఇంకొంచెం పొయ్యనా, గున్లైగ్?" అని అడిగేది. పుట్టిన దగ్గర్నుంచీ తన పేరు చివర ఠక్కున తగిలే క, ఆ పిల్ల నోట్లో మెత్తబడి గ అయ్యేసరికి మనవాడు వెన్నలా కరిగిపోయాడు. ఆకులు రాలకముందే పెళ్ళిచేసుకుని కొండమీదికి తీసుకొచ్చేశాడు. తీసుకొచ్చినవాడు ఇంటిపట్టున ఉన్నాడా? చలికాలం మొదలవగానే కరెంటు ఆనకట్ట పనికి పక్క లోయకి పోయాడు. ఇంట్లో మిగిలింది సిగ్నే, ఆమె మామ హల్వోర్, సాలలో నుదుటి మీద తెల్లమచ్చ ఉన్న బ్లేసా అనే ఆడగుర్రం. అత్తగారు అప్పటికే కాలం చేసింది.

హల్వోర్ చెడ్డవాడు కాదు. కోడలికి చలి వేస్తుందని తన గొర్రెతోలు కోటు ఇచ్చేసి తను పాతది తొడుక్కున్న మనిషి. కానీ పలుకు దగ్గర మాత్రం రాక్షసుడు. లోయవాడొకడు తీరాన క్రిస్టియన్‌సాన్‌లో కొట్లో పనిచేసి గొంతు ర తో తిరిగొస్తే, వాడికి దూడని అమ్మనన్నాడు. "నోరు మార్చుకున్నోడు రేపు మాట మార్చడని ఏంటి నమ్మకం?" అన్నాడు అందరి ముందూ. వాడు మళ్ళీ నాలుక ఆడించడం మొదలుపెట్టిందాకా ఊళ్ళో ఎవరూ వాణ్ణి బతకనివ్వలేదు.

ఇక గుర్రం సంగతి. మా లోయలో పగ్గం లాగి గుర్రాన్ని ఆపడం నామోషీ. పగ్గం బిగించావంటే గుర్రానికి అర్థం ఒక్కటే: ఎదర ఎత్తు ఉంది, బలం పెట్టు. ఆపాలంటే నోరే. పెదవులు బిగించి, నాలుక కొస ఆడించి "ప్ట్ర్ర్ర్రో!" అనాలి. ఒక్కో కమతానిది ఒక్కో తీరు. ఎవరి గుర్రం వాళ్ళ పిలుపుకే ఆగాలి. పరాయి గొంతుకి ఆగే గుర్రం చెడిపోయిన గుర్రం కింద లెక్క. అందుకే ఇంటికొచ్చిన కోడలి చేతికి పగ్గాలు ఇచ్చారంటే ఆమె ఆ ఇంటి మనిషి అయినట్టు. ఇవ్వలేదంటే ఎన్నేళ్ళున్నా చుట్టమే. సిగ్నేకి కావలసింది ఆ పగ్గాలే. బంగారం అడిగిందా, పట్టు అడిగిందా!

వచ్చిన మొదటి చలికాలంలోనే హల్వోర్ ఒక ఆదివారం వాటిని చేతికిచ్చాడు. తను ముందే చర్చికి వెళ్ళాలి, పాస్టరుగారితో పనుంది. "మంచుబండి కట్టుకుని వచ్చెయ్యమ్మా. దారి బ్లేసాకి తెలుసు. ఆపడం ఒక్కటే నీ పని" అన్నాడు. సిగ్నే పొంగిపోయింది. నల్ల శాలువా కప్పుకుని, కీర్తనల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, మహారాణిలా బయల్దేరింది.

చర్చి గేటు దగ్గర ఊరు ఊరంతా నిలబడి ఉంది. సిగ్నే గొంతు సవరించుకుని, తనకి చేతనైనంత గట్టిగా, "ప్ట్హ్హ్హో!" అంది.

బ్లేసా చెవి కూడా కదపలేదు.

"ప్ట్హ్హ్హో! ప్ట్హ్హ్హో! అమ్మా తల్లీ, ఆగవే!" సిగ్నే గాభరాపడి పగ్గం బిగించింది. బ్లేసా ఎత్తు వచ్చిందనుకుని జోరు పెంచింది. చర్చి గేటు పోయింది, శ్మశానం గోడ పోయింది, పాస్టరుగారి కోళ్ళు చెల్లాచెదురయ్యాయి. కీర్తనల పుస్తకం పట్టుకుని సిగ్నే అలా ఊరి ముందు నుంచి వెళ్ళిపోతూనే ఉంది. జనం పొట్టలు పట్టుకున్నారు. పక్క కమతం సైనుంగ్ టోపీ తీసి ఊపుతూ, "సముద్రం కనిపిస్తే మీవాళ్ళని అడిగానని చెప్పమ్మోయ్!" అని అరిచాడు. చివరికి హల్వోర్ అడ్డదారిన పరిగెత్తి, మలుపు దగ్గర ఎదురు నిలబడి "ప్ట్ర్ర్ర్రో!" అన్నాక బ్లేసా ఆగింది.

హల్వోర్ తిట్టలేదు. పగ్గాలు తీసుకున్నాడు, అంతే. అదే సిగ్నేకి కొరడా దెబ్బయింది.

"ఇంకోసారి చూస్తాను మామయ్యా."

"ముందు ర అనడం నేర్చుకో. నాలిక కింద బార్లీ గింజ పెట్టుకుని రోజూ ఆడించు. నా చిన్నప్పుడు మా నాన్న అట్లాగే నేర్పాడు."

సిగ్నే పెట్టుకుంది. పాలు పితుకుతూ ఆడించింది, బట్టలు పిండుతూ ఆడించింది, బంగాళాదుంపల కొట్లో ఒక్కతే కూర్చుని ఆడించింది. గింజలు మింగింది తప్ప నాలుక ఆడలేదు. ఒకసారైతే ఆమె గొంతులోంచి వచ్చిన చప్పుడికి ఆవు బెదిరి పాలబిందె తన్నేసింది. నేల మీద పాలు చూస్తూ సిగ్నే ఏడ్చింది. ఏడ్చి, ముక్కు తుడుచుకుని, ఒక నిర్ణయానికి వచ్చింది. "నా నాలిక మాట వినకపోతే పోనీ. దాని చెవి వినదా?"

మర్నాటి నుంచి, హల్వోర్ కలప నరకడానికి అడవికి నడిచి వెళ్ళిన రోజుల్లో, సిగ్నే బ్లేసాని బావి దాకా నడిపించడం మొదలుపెట్టింది. గొంతుతో "ప్ట్హ్హ్హో" అనేది. ఆగితే ఏప్రాను జేబులోంచి లెఫ్సె రొట్టె ముక్క. ఆగకపోతే లేదు. బ్లేసా తిండిపోతు. బంగాళాదుంప వేసి పల్చగా కాల్చిన ఆ రొట్టె కోసం ఆ గుర్రం గొంతు ర ఏమిటి, అరబ్బీ భాషైనా నేర్చుకునేది! క్రిస్మస్ నాటికి సిగ్నే సాల గుమ్మంలోంచి పిలిస్తే పెరటి అవతల బ్లేసా మేకు దిగ్గొట్టినట్టు నిలబడేది. సిగ్నే ఒక్కతే పెరట్లో గంతులేసింది. కానీ ఎవరితో చెప్పుకుంటుంది? రెండో గొంతుకి ఆగుతోందని తెలిస్తే హల్వోర్ బ్లేసాని చెడిపోయిన గుర్రమంటాడు. చెడిపోయిన గుర్రాన్ని అమ్మేస్తారు. అందుకే కిక్కురుమనలేదు.

ఇంతలో హల్వోర్ పళ్ళ వ్యవహారం వచ్చిపడింది.

ఆ రోజుల్లో మాకొక పిచ్చి ఉండేది. పుచ్చిన పన్ను ఒకటుంటే ఒక్కటి పీకించుకుని ఊరుకునేవాళ్ళం కాదు. మళ్ళీ మళ్ళీ ఎవడు బాధపడతాడని మొత్తం పీకించేసి కట్టుడు పళ్ళు పెట్టించుకునేవాళ్ళం. పెళ్ళికి అమ్మాయిలకి అవే కానుకిచ్చిన ఇళ్ళున్నాయి మా లోయలో! ఊరూరూ తిరిగే పళ్ళ డాక్టరు బడి గదిలో దిగాడని తెలిసి, తండ్రి పుట్టినరోజుకి ఆ కానుక గున్లైకే డబ్బు పంపి ఏర్పాటు చేశాడు. "ఆయన చెయ్యి కొంచెం మోటంట కదా?" అని హల్వోర్ గుమ్మంలో తటపటాయిస్తుంటే, సైనుంగ్ వీపు తట్టి, "పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం అన్నా, పద" అని లోపలికి తోశాడు.

కొత్త పళ్ళతో హల్వోర్ పదేళ్ళు చిన్నవాడైపోయాడు. నవ్వితే ముత్యాల వరస. అద్దం ముందు నిలబడి మీసం దువ్వుకోవడం సిగ్నే చూసి ముసిముసిగా నవ్వుకుంది. అయితే ఆ సాయంత్రం పెరట్లోకి బండి తోలుకొస్తూ ఆయన నోరు తెరిచి పిలిచిన పిలుపు విని ఆమె నవ్వు ఆగిపోయింది.

"ప్ట్‌ష్ష్‌షో!"

బ్లేసా ఆగలేదు. కట్టుడు పళ్ళు నాలుకకి అడ్డొచ్చి ర జారిపోయింది! బ్లేసా నేరుగా వెళ్ళి కంచెకి ముక్కు ఆనించి, దారి లేదు కాబట్టి నిలబడింది. హల్వోర్ తేలు కుట్టిన దొంగలా చుట్టూ చూశాడు. కిటికీలో కోడలు కనిపించింది. "ఈ కంచె ఒకసారి చూద్దామనే ఇటు తోలుకొచ్చా" అన్నాడు. ఆ మాటలో ఉన్న ఒక్క ర కూడా ఈల వేసినట్టు వచ్చింది.

రెండు రోజులాగి, సిగ్నే పాలబిందెతో సాల పక్కనుంచి పోతుంటే మూసిన తలుపు వెనక ఏదో చప్పుడు. చెవి ఆనించింది. "ప్ట్‌ష్ష్... ప్ట్‌ష్ల్ల్... ఛీ!" తర్వాత ఏదో ఉమ్మిన చప్పుడు. సందులోంచి చూస్తే ఏముంది? మామగారి నాలుక కింద బార్లీ గింజ! సిగ్నే ఏప్రాను నోట్లో కుక్కుకుని పరిగెత్తింది. వంటింట్లో కూర్చుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. నవ్వీ నవ్వీ, ఉన్నట్టుండి మనసు చివుక్కుమంది. బంగాళాదుంపల కొట్లో తను పడ్డ పాట్లు గుర్తొచ్చాయి. ఆయన సిగ్గు ఆమెకి తెలిసినంతగా లోయలో ఇంకెవరికి తెలుసు?

"కలప బండి ఇంకెవరినైనా తోలమందాం మామయ్యా. కొత్త పళ్ళు అలవాటు పడేదాకా" అంది భోజనాల దగ్గర, మెల్లిగా.

"పళ్ళకీ బండికీ ఏం సంబంధం?" అని హల్వోర్ గుడ్లురిమాడు. ఆమెకి మింగలేక కక్కలేక అయింది. నాకు చేతనవుతుందని చెబితే బ్లేసా పోతుంది. చెప్పకపోతే ఏమవుతుందో!

ఆ చలికాలమంతా అడవిలో నరికిన దుంగల్ని మంచుబండ్ల మీద కిందికి దించి, గడ్డకట్టిన సరస్సు మీద పేర్చారు. వసంతం వచ్చి మంచు కరిగితే అవి నీళ్ళలో తేలి వాటంతటవే దిగువకి పోతాయి. ఎక్కించే చోట, దించే చోట బ్లేసా అలవాటు కొద్దీ ఆగేది. కాబట్టి హల్వోర్ గుట్టు దాగింది. కానీ ఎండ ముదిరింది. వాగు సరస్సులో కలిసే చోట మంచు పుచ్చిపోయి, నల్లటి నీళ్ళు తేలాయి. పాత దారి సరిగ్గా ఆ పక్కనుంచే. హల్వోరే స్వయంగా ఒకరోజు పైన్ కొమ్మలు గుచ్చి, వాలు దిగగానే ఎడమకి తిరిగే కొత్త దారి వేశాడు. మనుషులు కొమ్మల్ని చూసి తిరుగుతారు. గుర్రానికి ఆ కొమ్మలు ఏం తెలుస్తాయి? వాలు కింద దాన్ని ఆపి, దిగి, కళ్ళెం పట్టుకుని తిప్పాలి.

మర్నాడు మధ్యాహ్నం సిగ్నే కాఫీ కెటిల్, రొట్టెల బుట్ట తీసుకుని ఒడ్డుకి వచ్చింది. సైనుంగ్, ఇంకో ఇద్దరు మనుషులు సరస్సు మీద దుంగలు సర్దుతున్నారు. పైన చెట్ల మధ్య గంటల చప్పుడు. హల్వోర్ బండి వాలు దిగుతోంది. బండి నిండా దుంగలు, దుంగల మీద హల్వోర్. సగం దారిలో బండి వేగాన్ని పట్టి ఉంచే గొలుసు ఫట్‌మని తెగింది. బరువు వెనకనుంచి నెడుతుంటే బ్లేసా పరుగందుకుంది.

"ప్ట్‌ష్ష్‌షో!"

బ్లేసా వాలు దిగింది, మంచు మీదికి వచ్చింది, కొమ్మల్ని దాటేసింది. చలికాలమంతా నడిచిన పాత దారే పట్టింది.

"అన్నా, ఆపు! వాగు దగ్గరికి పోతోంది! ఆపు!" సైనుంగ్ కేక పెట్టాడు. "అట్లా చూస్తావేంటి, పిలువు!"

హల్వోర్ లేచి నిలబడి ఒళ్ళంతా నోరు చేసుకుని అరిచాడు. ఆ అరుపుకి పై పళ్ళ వరస ఊడి ఎగిరి మంచులో పడింది. ఉన్న కాస్త చప్పుడూ పోయి ఉత్త గాలి మిగిలింది. పగ్గం బిగించాడు. అదింకా నష్టం! బ్లేసా తల వంచి బలం పెట్టింది. కింద మంచు కిర్రుమంది.

సిగ్నే పైప్రాణాలు పైనే పోయాయి. గుట్టు లేదు, సిగ్గు లేదు, గుర్రాన్ని అమ్మేస్తారన్న భయం లేదు, అన్నీ ఎగిరిపోయాయి. కెటిల్ విసిరేసి, మోకాళ్ళ దాకా మంచులోకి దూకి, తీరం గొంతు, తాతల గొంతు, పడవల మీదనుంచి గాలికి ఎదురుగా పిలిచే గొంతు, అంతా పెట్టి అరిచింది.

"ప్ట్హ్హ్హో! బ్లేసా! ప్ట్హ్హ్హో!"

బ్లేసా చెవులు రెండూ ఇటు తిరిగాయి. నాలుగు కాళ్ళూ మంచులోకి తన్నిపెట్టింది. వెనక బరువు నెడుతుంటే గిట్టల కింద మంచు పొడి లేచి, అలాగే జారి, జారి, ఆగింది. దాని ముక్కు ముందు నల్లటి నీళ్ళు మెల్లగా కదులుతున్నాయి.



"కదలకండి మామయ్యా! బోర్లా పడుకుని కిందికి జారండి. కట్లు విప్పెయ్యండి. దాన్ని నేను పిలుస్తా!"

ముసలాయన కోడలు చెప్పినట్టే చేశాడు. బండినుంచి గుర్రాన్ని విడిపించి పక్కకి పాకాడు. సిగ్నే లెఫ్సె ముక్క చాచి, గొంతులో ర దొర్లిస్తూ ముద్దుగా పిలిచింది. బ్లేసా మెల్లగా మళ్ళి, ఒక్కో అడుగూ వేసుకుంటూ ఆమె దగ్గరికి వచ్చి, చేతిలో రొట్టె అందుకుని నమిలింది. వెనక మంచు విరిగి బండి సగం దిగిపోయింది. దుంగలు దొర్లి నీళ్ళలో పడ్డాయి.

"పోతే పోయాయ్‌లే. ఎట్లాగూ నీళ్ళలోకి పోవాల్సినవే కదా!" అన్నాడు సైనుంగ్. అందరూ ఏడుపూ నవ్వూ కలిపేశారు. సైనుంగ్ మంచులో వెతికి పళ్ళ వరస తీసి, కాఫీ కప్పులో పెట్టి హల్వోర్‌కి అందించాడు.

హల్వోర్ నవ్వలేదు. పళ్ళు జేబులో వేసుకున్నాడు. బ్లేసా చుట్టూ ఒకసారి తిరిగి కాళ్ళు తడిమి చూశాడు.

"ఎప్పట్నుంచి ఆగుతోంది నీకు?"

"క్రిస్మస్ ముందు నుంచి, మామయ్యా."

"నాకు చెప్పకుండా."

"చెబితే దీన్ని అమ్మేస్తారని భయం."

ఆయన ఇంటివైపు నడిచాడు. కాఫీ కూడా తాగలేదు.

ఆ వారమంతా హల్వోర్ తింటాడు, లేస్తాడు, సాలలోకి పోయి తలుపేసుకుంటాడు. గుర్రాల బేరగాడు ఒకడు లోయలోకి వచ్చాడని పాలు తీసుకెళ్ళేవాడు చెప్పాడు. సిగ్నే సాల తలుపు దగ్గరికి పోయి వినే ధైర్యం చాలక, గుర్రానికి కడసారి వీడ్కోలు చెబుతున్నాడనే అనుకుంది. గున్లైక్‌కి ఏం చెప్పాలో తెలియక ఊరికే గిన్నెలు తోమినవే తోమింది. ఆదివారం పొద్దున హల్వోర్ బండి కట్టి, గుమ్మం ముందుకి తెచ్చి, తను పక్కకి జరిగి కూర్చున్నాడు.

"ఎక్కు. ఇట్లా కూర్చో." పగ్గాలు ఆమె ఒళ్ళో పడేశాడు.

చర్చి గేటు దగ్గర మళ్ళీ ఊరు ఊరంతా. వాగు సంగతి అందరికీ తెలుసు. ఇవాళ తీరం కోడలు ఎలా ఆపుతుందో చూడాలని మెడలు చాచారు. సిగ్నే ఊపిరి పీల్చి నోరు తెరిచింది.

హల్వోర్ ఆమె మోచేయి పట్టుకున్నాడు. "ఉండమ్మా. ఇది నేను."

కట్టుడు పళ్ళు తీసి జేబులో పెట్టుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. నోరు మార్చుకున్నవాడికి దూడని అమ్మనన్న హల్వోర్, లోయ మొత్తం చూస్తుండగా, తల వెనక్కి వంచి గొంతులోంచి పిలిచాడు.

"ప్ట్హ్హ్హో!"

బ్లేసా ఆగింది. ఆగి, మెడ తిప్పి, రావలసింది రాలేదే అన్నట్టు చూసింది. హల్వోర్ కోటు జేబులోంచి లెఫ్సె ముక్క తీసి చెయ్యి చాచాడు. వారమంతా మూసిన తలుపు వెనక ఏం జరిగిందో అప్పుడు అర్థమై సిగ్నే రెండు చేతులతో నోరు మూసుకుంది. కళ్ళు మాత్రం ఆగలేదు.

గేటు దగ్గర ఎవరూ నవ్వలేదు. సైనుంగ్ ఒక్కడే టోపీ తీశాడు. ఈసారి ఊపలేదు.

"ఏంటలా గుడ్లప్పగించి చూస్తారు? చర్చి గంట కొట్టేస్తున్నారు, పదండి లోపలికి!" అని హల్వోర్ బోసినోటితో అందరినీ కసిరాడు. బండి దిగి, కోడలివైపు తిరిగాడు. "గుర్రాన్ని కట్టేసి రా సిగ్నే. లోపల మనింటివాళ్ళ బల్ల మీద నీ చోటు పట్టి ఉంచుతా."